జగదీశ్ చంద్ర బోస్ – గాలినా స్ఫటికం

జగదీశ్ చంద్ర బోస్ పేరు చెప్పగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేవి మొక్కలు. తాకితే ముడుచుకుపోయే అత్తిపత్తి ఆకు, కంటికి కనిపించని పెరుగుదలను వేల రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్, వృక్షజాతికి కూడా స్పందన ఉందన్న ఆయన ప్రకటన, ఇవన్నీ చిన్న తరగతుల నుంచీ చదువుకుంటూ వచ్చిన విషయాలే. అయితే మొక్కల వైపు మరలడానికి ముందు భౌతికశాస్త్రంలో ఆయన చేసిన కృషి వీటికి ఏ మాత్రమూ తీసిపోదు. ఆయన జీవితంలో అదే మహోజ్జ్వల ఘట్టమని చెప్పినా తప్పులేదు. నేడు మన చేతిలోని సెల్‌ఫోను, ఇంటిలోని టెలివిజన్, బ్యాంకులోని కంప్యూటరు, మేడ మీది సౌరఫలకం అన్నీ అర్ధవాహకాలనే పదార్థాల మీద ఆధారపడి పనిచేస్తున్నాయి. అటువంటి పదార్థంతో తయారైన పరికరానికి ప్రపంచంలో లభించిన మొట్టమొదటి పేటెంటుగా చరిత్రకారులు గుర్తించినది బోస్ పేరు మీదనే ఉంది. విచిత్రమేమంటే ఆ పేటెంటును ఆయన మనసారా కోరుకోలేదు. లభించిన తరువాత దానివైపు తిరిగి చూడనూ లేదు.

ఆ పరికరం గొప్పదనం బోధపడాలంటే అర్ధవాహకం అంటే ఏమిటో ముందుగా కొంత తెలుసుకోవాలి. రాగి, అల్యూమినియం వంటి లోహాల గుండా విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. అవి వాహకాలు. గాజు, రబ్బరు, పింగాణీ వంటివి విద్యుత్తును దాదాపుగా పోనివ్వవు. అవి బంధకాలు. ఈ రెండింటికీ నడుమ మరొక తెగ ఉంది. సిలికాన్, జెర్మేనియం, సీసమూ గంధకమూ కలిసి ఏర్పడిన గాలినా అనే ఖనిజం ఈ మూడవ తెగకు చెందినవి. వీటి వాహకత్వం నిలకడ లేనిది. కొంచెం వేడి తగిలినా, వెలుతురు పడినా, లక్షలలో ఒక పాలు పరాయి పదార్థం కలిసినా అది ఎన్నో రెట్లు మారిపోతుంది. అంతేకాక ఇటువంటి స్ఫటికానికి సన్నని లోహపు మొనను ఆనించినప్పుడు, ఆ రెండూ కలిసిన చోట విద్యుత్తు ఒక దిశలో సులభంగా పోతుంది. ఎదురు దిశలో పోవడానికి మొరాయిస్తుంది. లోపలికి తోస్తే తెరుచుకొని, బయటి నుంచి లాగితే బిగుసుకుపోయే తలుపు వంటిదన్నమాట.

రేడియో తరంగాన్ని పట్టుకోవడానికి ఈ తలుపే కావాలి. తరంగం తాకినప్పుడు తీగలో పుట్టే విద్యుత్తు సెకనుకు లక్షల సార్లు ముందుకూ వెనుకకూ ఊగుతుంది. టెలిఫోనులోని పలుచని రేకు అంత వేగంగా కదలలేదు. ముందుకు నెట్టిన మరుక్షణమే వెనుకకు లాగడం వల్ల మొత్తం మీద దానికి ఏమీ తెలియదు. మధ్యలో ఒకవైపే తెరుచుకునే తలుపును ఉంచితే వెనుకటి ఊపులు ఆగిపోయి, ముందటి ఊపులు మాత్రమే మిగులుతాయి. అవన్నీ కలిసి రేకును కదిలిస్తాయి. సందేశం చెవిని చేరుతుంది. లోహ సల్ఫైడు స్ఫటికాలకు ఈ ఏకదిశా గుణం ఉన్నదని జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ బ్రౌన్ 1874లోనే గమనించాడు. కాని రేడియో తరంగాలను అప్పటికి ఎవరూ కనుగొనలేదు. అందుచేత ఆ గుణం ఒక వింతగానే మిగిలిపోయింది.

బోస్ 1858 నవంబరు 30న ప్రస్తుతం బంగ్లాదేశ్‌లో ఉన్న మైమన్‌సింగ్‌లో జన్మించారు. తల్లి బామసుందరీ దేవి. తండ్రి భగవాన్ చంద్ర బోస్ డిప్యూటీ మేజిస్ట్రేటు. బ్రహ్మసమాజ భావాలు గలవారు. ప్రభుత్వోద్యోగుల పిల్లలు ఇంగ్లీషు బడికి వెళ్లడమే గౌరవమని అందరూ తలచే ఆ రోజులలో ఆయన కుమారుణ్ణి బెంగాలీ పాఠశాలలో చేర్పించారు. మాతృభాష రానిదే పరభాష రాదని, తోటి ప్రజలను ఎరుగనివాడు విద్యావంతుడు కాజాలడని ఆయన విశ్వాసం. తరగతిలో జగదీశ్‌కు ఒక పక్క తండ్రి వద్ద పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు, మరొక పక్క జాలరి కొడుకు కూర్చునేవారు. చేపలు, పక్షులు, నీటిలోని జీవుల గురించి ఆ బాలురు చెప్పిన ముచ్చట్లు తనలో ప్రకృతి పట్ల ఆసక్తిని రేకెత్తించాయని బోస్ పెద్దయిన తరువాత చెప్పుకున్నారు. ఆ పసివాణ్ణి భుజాన ఎక్కించుకొని బడికి తీసుకువెళ్లినవాడు మరింత విచిత్రమైన వ్యక్తి. అతడొక బందిపోటు. భగవాన్ చంద్ర విధించిన శిక్షను అనుభవించి జైలు నుంచి విడుదలై, బ్రతుకుతెరువు లేదని ఆయన వద్దకే వస్తే, ఆయన అతణ్ణి కొలువులో చేర్చుకొని కొడుకును అప్పగించారు. ఆ తండ్రి స్వభావం తెలుసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

తరువాతి చదువు కలకత్తాలో సాగింది. సెయింట్ జేవియర్స్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన ఫాదర్ లాఫోఁ ప్రయోగాలు చేసి చూపడంలో సిద్ధహస్తుడు. ఆయన శిష్యరికమే బోస్‌ను ప్రయోగశాల వైపు తిప్పింది. పట్టభద్రులైన పిదప సివిల్ సర్వీసు పరీక్షకు వెళ్లాలని బోస్ కోరుకున్నారు. ఇతరులపై అధికారం చలాయించే ఉద్యోగం వద్దని, విద్వాంసుడు కావాలని తండ్రి పట్టుబట్టారు. 1880లో వైద్యవిద్య కోసం లండన్ చేరుకున్న బోస్‌ను అస్సాంలో సోకిన జ్వరం వదలలేదు. వైద్యం విడిచిపెట్టి 1882లో కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో చేరారు. అక్కడ లార్డ్ రేలీ ఆయన గురువు. 1884లో కేంబ్రిడ్జి, లండన్ విశ్వవిద్యాలయాల పట్టాలు రెండూ పొంది స్వదేశానికి తిరిగి వచ్చారు.

1885లో వైస్రాయి లార్డ్ రిపన్ సిఫారసుతో ఆయనకు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్య పదవి లభించింది. ఖచ్చితత్వం అవసరమైన విజ్ఞానశాస్త్రాన్ని భారతీయులు బోధించలేరన్నది ఆనాటి విద్యాధికారుల నమ్మకం. ఆ నమ్మకం జీతంలోనూ కనిపించేది. భారతీయ ఆచార్యునికి ఐరోపా ఆచార్యుని జీతంలో మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. నియామకం తాత్కాలికమనే నెపంతో బోస్‌కు అందులోనూ సగమే నిర్ణయించారు. అంటే పక్కగదిలో అదే పాఠం చెప్పే తెల్లవానికి వచ్చేదానిలో మూడవ వంతు. బోస్ వాదులాడలేదు, రాజీనామా చేయనూ లేదు. జీతం తీసుకోవడం మానివేసి, పాఠాలు మాత్రం ఒక్క రోజైనా తప్పకుండా చెబుతూ వచ్చారు. ఇలా మూడేళ్లు గడిచాయి.

ఆ మూడేళ్లూ ఇంటి పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. తండ్రి ప్రజల మేలు కోరి ప్రారంభించిన పారిశ్రామిక పాఠశాల, తేయాకు తోట వంటి ప్రయత్నాలు నష్టాలపాలై కుటుంబం అప్పులలో కూరుకుపోయింది. 1887లో బోస్ దుర్గామోహన్ దాస్ కుమార్తె అబలాదేవిని వివాహమాడారు. కలకత్తాలో స్త్రీలకు వైద్యవిద్యలో ప్రవేశం లేని కారణంగా ఆమె మద్రాసు వచ్చి వైద్య కళాశాలలో చదివారు. అనారోగ్యం వల్ల చదువును మధ్యలో ఆపవలసి వచ్చింది. జీతం లేని భర్తతో అప్పుల సంసారాన్ని ఆమె చిరునవ్వుతో నడిపారు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చింది. నియామకాన్ని మొదటి నుంచీ శాశ్వతంగా గుర్తించి, మూడేళ్ల పూర్తి జీతాన్ని ఒకేసారి చెల్లించింది. ఆ సొమ్ము తండ్రి అప్పులు తీర్చడానికి వెళ్లింది.

బోస్ పరిశోధనలకు నేపథ్యం ఐరోపాలో సిద్ధమై ఉంది. వెలుగు కూడా ఒక విద్యుదయస్కాంత తరంగమేనని, కంటికి కనబడని అటువంటి తరంగాలు మరికొన్ని ఉండి తీరాలని మాక్స్‌వెల్ గణితం ద్వారా 1860ల నాటికే ప్రతిపాదించాడు. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ 1887, 1888 సంవత్సరాలలో వాటిని ప్రయోగశాలలో పుట్టించి చూపాడు. హెర్ట్జ్ 1894లో 36 ఏళ్ల వయస్సులోనే మరణించాడు. ఆయన కృషిని వివరిస్తూ ఆలివర్ లాడ్జ్ ప్రకటించిన రచన బోస్ చేతికి వచ్చింది. 1894 నవంబరు 30న, తన 36వ పుట్టినరోజున, ఇకమీదట జీవితాన్ని పరిశోధనకే వెచ్చించాలని బోస్ సంకల్పించుకున్నారు.

ప్రెసిడెన్సీ కళాశాలలో పరిశోధన కోసం ప్రత్యేకమైన ప్రయోగశాల లేదు. స్నానాల గదికి పక్కన ఉన్న ఒక ఇరుకు గదిని బోస్ అందుకు వాడుకున్నారు. పాఠాలు ముగిసిన తరువాతే అందులో అడుగుపెట్టేవారు. పరికరాలకు అయ్యే ఖర్చు మొదట్లో తన జీతం నుంచే భరించారు. చదువురాని ఒక కలకత్తా రేకుల పనివాణ్ణి కుదుర్చుకొని, దగ్గరుండి నేర్పించి, పరికరాలు చేయించుకున్నారు. ఈ ఇరుకుతనమే ఆయనను ఒక కొత్త దారి పట్టించిందని చెప్పవచ్చు. హెర్ట్జ్ ఉపయోగించిన తరంగాలు మీటర్ల పొడవు కలవి. అవి వెలుగులాగే పరావర్తనం చెందుతాయని, వక్రీభవనం చెందుతాయని చూపాలంటే పెద్ద పెద్ద అద్దాలు, పట్టకాలు కావాలి. తరంగాన్ని పొట్టిగా చేస్తే పరికరం కూడా చిన్నదవుతుంది. బోస్ తరంగ దైర్ఘ్యాన్ని సుమారు 5 మిల్లీమీటర్ల వరకు తగ్గించగలిగారు. ఆయన పరికరమంతా ఒక బల్ల మీద అమరింది.

ఆ పరికరంలోని భాగాలను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తరంగాలను నడిపించే లోహపు గొట్టాలు, వాటిని పోగుచేసే గరాటు ఆకారపు కొమ్ము, గంధకంతో చేసిన పట్టకాలు ఉన్నాయి. వీటిలో మొదటి రెండింటిని నేటి మైక్రోవేవ్ ఇంజనీర్లు కూడా పేర్లు మార్చి వాడుతున్నారు. తరంగాల ధ్రువణాన్ని పరీక్షించడానికి ఆయన ఒక రైల్వే టైంటేబుల్ పుస్తకం తీసుకొని, పుటల మధ్య తగరపు రేకులు ఉంచారు. అది చక్కగా పనిచేసింది. తరువాత బెంగాల్ పొలాలలో పండే జనుపనారను మెలివేసి కట్టలుగా కట్టి, వాటి గుండా తరంగాన్ని పంపితే ధ్రువణ తలం తిరుగుతుందని నిరూపించారు. విజ్ఞానశాస్త్రానికి ఖరీదైన సామగ్రి కావాలని నమ్మేవారు ఈ జనుపకట్టల సంగతి తెలుసుకోవడం మంచిది.

1895 ప్రాంతంలో కలకత్తా టౌన్ హాలులో ఆయన జరిపిన ప్రదర్శనను నగర ప్రముఖులు చూశారు. ఒక గదిలో పుట్టిన అదృశ్య తరంగం గోడలను, మధ్యలో నిలబడిన లెఫ్టినెంట్ గవర్నరు భారీ శరీరాన్ని దాటి, సుమారు 75 అడుగుల దూరంలో గంటను మోగించి, తుపాకి మందును పేల్చింది. తీగ లేదు, మధ్య ఏ సంబంధమూ లేదు. మరుసటి సంవత్సరం లండన్ విశ్వవిద్యాలయం ఆయన పరిశోధనకు డి.యస్సీ. పట్టం ప్రసాదించింది. 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రసంగించే గౌరవం దక్కింది. లార్డ్ కెల్విన్ వంటి వృద్ధ శాస్త్రజ్ఞులు ఎంతగానో మెచ్చుకున్నారు. అక్కడి విద్యుత్ పత్రిక ఒకటి మాత్రం మరొక విషయానికి ఆశ్చర్యపోయింది. తన పరికరం నిర్మాణాన్ని ఆయన రహస్యంగా ఉంచకుండా ఉన్నదున్నట్లు అందరికీ వివరించడం దానికి వింతగా తోచింది.

తరంగాన్ని పుట్టించడం కంటె పట్టుకోవడం కష్టమైన పని. అప్పటికి వాడుకలో ఉన్నది కొహీరర్ అనే శోధకం. గాజు గొట్టంలో నింపిన లోహపు రజను తరంగం తాకగానే ఒకదానికొకటి అతుక్కొని విద్యుత్తును పోనిస్తుంది. కాని ఒకసారి అతుక్కున్న రజను మళ్లీ విడిపోదు. ప్రతి సంకేతం తరువాతా గొట్టాన్ని చిన్న సుత్తితో తట్టి విడగొట్టాలి. పైగా బెంగాల్ తేమగాలికి ఇనుము ఇట్టే తుప్పు పట్టేది. బోస్ రజనుకు బదులు సన్నని స్ప్రింగులు అమర్చారు. 1899లో ఇనుమునూ పాదరసాన్నీ తాకించి, తట్టనవసరం లేకుండా తనంత తానే పూర్వస్థితికి వచ్చే శోధకాన్ని రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో వర్ణించారు. అప్పటికీ ఆయనకు తృప్తి కలుగలేదు. అసలు తరంగం తాకినప్పుడు పదార్థంలో ఏమి జరుగుతున్నదన్న ప్రశ్న ఆయనను వెంటాడింది. లోహాలు, ఖనిజాలు, వాటి సమ్మేళనాలు ఒక్కొక్కటే తెచ్చి పరీక్షించారు. కొన్నింటి నిరోధం తరంగం తాకితే తగ్గుతున్నది. పొటాషియం వంటి కొన్నింటిలో పెరుగుతున్నది. విద్యుత్ పీడనాన్ని క్రమంగా పెంచుతూ, ప్రవహించిన విద్యుత్తును కొలిచి, గీతలు గీశారు. లోహపు తీగలో అయితే ఆ గీత నిటారైన సరళరేఖ కావాలి. బోస్ కాగితం మీద అది వంగింది. ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థి డయోడుకు నేడు గీసే వక్రరేఖకు అది పూర్వరూపమే.

ఈ అన్వేషణలో ఆయనకు చిక్కినది గాలినా. సీసం ముడిఖనిజంగా గనులలో దొరికే ఈ నల్లని, మెరిసే స్ఫటికం కొత్త వస్తువేమీ కాదు. బోస్ చిన్న గాలినా ముక్కలను మొనలు తగిలేలా బిగించి, ఒత్తిడిని మరతో సరిచేసే వీలు కల్పించి, ఇత్తడి డబ్బీలో అమర్చారు. తరంగం పడిన వెంటనే దాని వాహకత్వం మారేది. తరంగం పోగానే యథాస్థితికి వచ్చేది. సుత్తితో పని లేదు. మరింత విశేషమేమంటే అది రేడియో తరంగానికే కాక వెలుగుకు కూడా స్పందించేది. ముందు ఒక కటకం అమర్చి చూసి, దానిని ఆయన కృత్రిమ నేత్రంతో పోల్చారు. మన కంటికి ఏడు రంగులే కనిపిస్తాయి. గాలినా కంటికి ఆ రంగులతోపాటు రేడియో తరంగం కూడా కనిపిస్తుంది.

1901 మే నెలలో బోస్ లండన్‌లో మరొక ప్రసంగానికి సిద్ధమవుతున్నారు. ప్రసంగానికి కొంచెం ముందు ఒక పెద్ద తంతి సంస్థ యజమాని ఆయనను వెతుక్కుంటూ వచ్చాడు. ఈ వివరాలు సభలో బయటపెట్టవద్దని, పేటెంటు తీసుకొమ్మని, దరఖాస్తు కూడా తానే తెచ్చానని, లాభంలో సగం పంచుకుందామని బ్రతిమాలాడు. ఈ సంఘటనను బోస్ తన మిత్రుడు రవీంద్రనాథ ఠాగూరుకు లేఖలో తెలియజేశారు. ధనవంతుడైన ఆ వ్యక్తి మరికొంత ధనం కోసం యాచకునిలా నిలబడటం ఆయనకు జుగుప్స కలిగించింది. ఒకసారి ఆ ఉచ్చులో కాలు పెడితే బయటపడలేనని ఆయన భయపడ్డారు. ప్రతిపాదనను తిరస్కరించి, ఉన్న విషయాలన్నీ సభలో వెల్లడించారు.

మిత్రులు ఊరుకోలేదు. వివేకానందుని శిష్యురాలైన సోదరి నివేదిత, అమెరికాకు చెందిన సారా బుల్ అనే ఉదార మహిళ ఆయనను ఎంతో నచ్చజెప్పారు. పేటెంటు మీద వచ్చే ధనంతో భారతదేశంలో ఒక పరిశోధనాలయమే కట్టవచ్చునన్నది వారి ఆశ. చివరకు సారా బుల్ చొరవతో 1901 సెప్టెంబరు 30న గాలినా శోధకానికి అమెరికాలో దరఖాస్తు దాఖలైంది. 1904 మార్చి 29న 755840 సంఖ్యతో పేటెంటు మంజూరైంది. అందులో సగం హక్కు సారా బుల్ పేర రాసి ఉంది. ఆ పేటెంటుతో ఒక్క సంస్థకు కూడా అనుమతి ఇచ్చి రుసుము పుచ్చుకోవడానికి బోస్ ప్రయత్నించలేదు. చట్టం ఇచ్చిన 17 ఏళ్ల గడువు అలాగే గడిచిపోయింది.

ఈ నిర్ణయాన్ని ఎలా చూడాలి? త్యాగమని కొనియాడి ఊరుకోవడం సులభం. అయితే దానికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1901 డిసెంబరులో మార్కొనీ అట్లాంటిక్ సముద్రం మీదుగా సంకేతాన్ని అందుకున్నాడు. ఆ రోజు ఆయన వాడిన పాదరస శోధకం ఇటలీ నౌకాదళం నుంచి వచ్చింది. దాని మూలం బోస్ 1899లో వర్ణించిన శోధకమేనని 1998లో అమెరికాలోని విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంస్థ పత్రికలో ఒక పరిశోధకుడు వాదించాడు. మార్కొనీ సంస్థను స్థాపించాడు, పేటెంట్లు కూడగట్టాడు, 1909లో బ్రౌన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. బోస్ పేరు ఆ చరిత్రలో చాలాకాలం అడుగున పడిపోయింది. నిజం చెప్పాలంటే వ్యాపార వార్తా ప్రసారం బోస్ లక్ష్యమే కాదు. మార్కొనీ కష్టాన్ని తక్కువ చేయవలసిన పని కూడా లేదు. కాని తెలిసినదానిని దాచుకోని మనిషి పేరు మరుగున పడటం, దాచుకున్నవారి పేరు నిలవడం న్యాయం కాదు కదా.

గాలినా శోధకం ఒక సంగతిని కూడా బోస్‌కు చూపించింది. పదేపదే తరంగాలు తాకితే శోధకం అలసినట్లు మందగించేది. కొంత విశ్రాంతి ఇస్తే తేరుకునేది. కండరం కూడా అలాగే అలసి తేరుకుంటుంది. ఆ రెండింటి గీతలనూ పక్కపక్కన ఉంచి చూసిన బోస్ మనసు అటు మళ్లింది. 1900లో ప్యారిస్ భౌతికశాస్త్ర మహాసభలో జీవ నిర్జీవ పదార్థాల స్పందన గురించి ఆయన పత్రం చదివారు. 1901లో రాయల్ సొసైటీలో ఆ విషయం ప్రస్తావిస్తే శరీరశాస్త్రవేత్తలు ఎదురుతిరిగారు. ఆయన తన హద్దు దాటి వచ్చారన్నది వారి ఆక్షేపణ. పత్రం అచ్చుకాకుండా ఆగింది. త్రిపుర మహారాజు అందించిన ఆర్థిక సహాయం వల్ల, ఠాగూరు ప్రోత్సాహం వల్ల ఇంగ్లండులో మరికొంతకాలం నిలిచి పోరాడగలిగారు. వృక్షాలపై ఆయన సాగించిన కృషి సుప్రసిద్ధం కనుక ఇక్కడ దానిని విస్తరించడం లేదు. 1915లో ప్రెసిడెన్సీ కళాశాల నుంచి పదవీ విరమణ చేశారు. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ అక్కడ ఆయన వద్ద చదువుకున్నవారే. 1917 నవంబరు 30న కలకత్తాలో బోస్ విజ్ఞాన మందిరాన్ని ప్రారంభించారు. నివేదిత, సారా బుల్ కలగన్న పరిశోధనాలయం అదే. అప్పటికి వారిద్దరూ జీవించి లేరు. ఒకప్పుడు ఆయన పత్రాన్ని అటకెక్కించిన రాయల్ సొసైటీ 1920లో ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది.

ఇంతలో స్ఫటికం తన దారిన తాను నడిచింది. 1906లో అమెరికాకు చెందిన పికార్డ్ సిలికాన్ స్ఫటిక శోధకానికి పేటెంటు పొందాడు. 1920 ప్రాంతాలలో ఐరోపాలోనూ అమెరికాలోనూ లక్షలాది ఇళ్లలో గాలినా ముక్క, దానిపై ఆనే సన్నని తీగ, ఒక చెవి గొట్టం ఇవే రేడియో. దానికి బ్యాటరీ కూడా అక్కరలేదు. అయితే తీగ మొనను స్ఫటికం మీద సరైన చోట ఆనించడానికి ఎంతో ఓపిక కావాలి. క్రమంగా శూన్యనాళికలు వచ్చి స్ఫటికాన్ని పక్కకు నెట్టాయి. శూన్యనాళిక బలహీనమైన సంకేతాన్ని పెంచగలదు. స్ఫటికం ఆ పని చేయలేదు. బోస్ పరికరం పాతకాలపు వస్తువుల జాబితాలో చేరిపోయినట్లే అనిపించింది.

రెండవ ప్రపంచ యుద్ధం దానిని మళ్లీ రంగంలోకి తెచ్చింది. రాడార్‌కు సెంటీమీటర్ల పొడవు తరంగాలు కావలసివచ్చాయి. అంత వేగవంతమైన ఊపులను పట్టుకోవడం ఆనాటి శూన్యనాళికల వల్ల కాలేదు. ఇంజనీర్లు సిలికాన్ స్ఫటికానికీ, దానిపై ఆనే లోహపు మొనకూ తిరిగి వచ్చారు. మంచి శోధకాల కోసం సిలికాన్‌ను, జెర్మేనియంను అంతకు ముందెన్నడూ లేనంతగా శుద్ధి చేశారు. ఆ శుద్ధ పదార్థమే తరువాతి మెట్టుకు ఆధారమైంది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్ జెర్మేనియం ముక్క మీద అతి దగ్గరగా రెండు బంగారు స్పర్శలను ఆనించారు. ఒక స్పర్శ వద్ద ఇచ్చిన చిన్న సంకేతం రెండవదాని వద్ద పెద్దదై వెలువడింది. అదే ట్రాన్సిస్టర్. స్ఫటికం తనకు ఉన్న ఒక్క లోటునూ పూరించుకుంది. షాక్లీతో కలిసి వారిద్దరికీ 1956లో నోబెల్ బహుమతి లభించింది. 1954లో సిలికాన్ సౌరఘటం, 1958లో అనేక భాగాలను ఒకే ముక్కపై ఇమిడ్చిన సమీకృత వలయం వచ్చాయి. ఈనాడు గోరంత చిప్పు మీద వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటున్నాయి.

ట్రాన్సిస్టర్ సృష్టికర్తలలో ఒకరైన బ్రాటెనే, 1955లో అర్ధవాహక పరిశోధనల చరిత్రను మరొకరితో కలిసి రాస్తూ, రేడియో తరంగాలను పట్టుకోవడానికి అర్ధవాహక స్ఫటికాన్ని మొదట ఉపయోగించిన ఖ్యాతిని బోస్‌కు ఇచ్చాడు. 1977లో నోబెల్ బహుమతి పొందిన నెవిల్ మాట్, బోస్ తన కాలానికి కనీసం 60 ఏళ్లు ముందున్నారని అభిప్రాయపడ్డాడు. నేటి ఎన్-రకం, పి-రకం అర్ధవాహకాలను బోస్ ముందే ఊహించారని కూడా ఆయన భావించాడు. ఈ చివరి మాటను కొంత జాగ్రత్తగా తీసుకోవడం మంచిది. బోస్ తాను చూసిన స్పందనలను రెండు తెగలుగా విభజించిన మాట వాస్తవమే. కాని ఎలక్ట్రాన్లు ఘనపదార్థంలో ఎలా మసలుతాయో చెప్పే సిద్ధాంతం 1931 తరువాతనే రూపుదిద్దుకుంది. బోస్ వద్ద ఉన్నవి మిల్లీమీటరు తరంగం, వంగిన గీత, నల్లని స్ఫటికం, ఓపిక. వాటితో ఆయన చేసినది చేశారు. ఇతరులు తగిలించే భుజకీర్తులు ఆయనకు అవసరం లేదు.

పొట్టి తరంగాల చరిత్ర కూడా అలాగే మలుపు తిరిగింది. దూరప్రాంతాలకు సందేశాలు పంపేవారికి పొడవైన తరంగాలే అనుకూలం కావడంతో బోస్ మిల్లీమీటరు తరంగాలను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2022లో మన దేశంలో ఐదవ తరం సెల్‌ఫోను సేవల కోసం వేలం వేసిన ఒక పట్టీలోని తరంగాల పొడవు సుమారు 11 మిల్లీమీటర్లు. బోస్ బల్ల మీద అంతకంటె పొట్టివి కూడా పరుగులు తీశాయి. ఆయన చేసిన మిల్లీమీటరు తరంగ ప్రయోగాలను విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంస్థ 2012లో విజ్ఞానచరిత్రలోని మైలురాళ్లలో ఒకటిగా ప్రకటించింది.

బోస్ 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. ట్రాన్సిస్టర్ పుట్టడానికి అప్పటికి పదేళ్ల వ్యవధి ఉంది. ఆయన స్థాపించిన విజ్ఞాన మందిరంలో ఆ పరికరాలను భద్రపరిచారు. కొమ్ము ఆకారపు గొట్టాలు, తగరపు రేకుల పుస్తకం, మెలివేసిన జనుప కట్టలు, గాలినా స్ఫటికాన్ని బిగించిన ఇత్తడి డబ్బీ. వాటిలో చాలావాటిని కలకత్తా రేకుల పనివాని చేతులే మలిచాయి.